పది యువాన్ల బాకీ

చోంగ్‌చింగ్‌లో పొగమంచు
పొద్దెక్కినా పోదు.
నది మీంచి లేచి, మెట్లెక్కి,
ప్రయోగశాల కిటికీ దాకా వచ్చి కూచుంటుంది.

లోపల రాన్ చియూయే
విరిగిన కడ్డీలను వరసగా పేరుస్తోంది.
ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. ముప్ఫై.
వేలెడంత మెగ్నీషియం ముక్కలు,
అరచేతిలో పెడితే ఉందో లేదో అనిపించే లోహం.
అంత తేలికైనదానికి అంత మొండితనమేమిటో!
లాగితే లొంగదు.
ఉన్నట్టుండి టప్పున తెగుతుంది,
మాట పడని మనిషి
కంచం ముందు నుంచి లేచిపోయినట్టు.

దాని లోపలి అమరిక అలాంటిది.
ఆరు మూలల గదులు, అంతస్తు మీద అంతస్తు.
పొర మీద పొర జారడానికి
దారులు మరీ తక్కువ.
జారలేనిది చీలుతుంది.

అందుకే కర్బన నాళికలు కలిపింది,
వెంట్రుకలో వెయ్యోవంతు కన్నా సన్నం,
నూటికి ఒక్క పాలు.
కానీ అవి కలవవు, గుంపు కడతాయి.
దువ్వని జుట్టులా చిక్కుపడి
ఉండలు చుట్టుకుంటాయి.
ఉండ ఉన్నచోటే బీట మొదలు.
ముప్ఫై సార్లూ అంతే:
బలం పెరిగింది, సాగుడు తగ్గింది.
ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం
లోహాలకీ తెలుసు.

ఆ మంగళవారం రెండు చిన్న ఆర్గాన్ సిలిండర్లు రావాలి.
మెగ్నీషియం పొడికి గాలి సోకితే నిప్పు.
కింద రోడ్డు తవ్వేశారు, లారీ రాదు.
మెట్లు నూట డెబ్బై రెండు.
వెదురు కావడితో వచ్చాడు తాన్ షిచువాన్.
యాభై అడిగాడు. ఆమె నలభై అంది.
"లోపలేముంది?"
"గాలి లాంటిదే."
"గాలికా ఇంత బరువు!" అని నవ్వి
నలభైకే ఒప్పుకున్నాడు,
ఒప్పుకోనట్టు మొహం పెట్టి.

ఆమె వెనకాలే ఎక్కింది.
అడుగు వేసినప్పుడల్లా కావడి వంగింది,
అడుగు తీసినప్పుడల్లా లేచింది.
కిర్రు, కిర్రు.
బరువు మోస్తున్నది భుజం కాదు,
ఆ వంపే అనిపించింది.
బద్ద చివర, ఏళ్ల తరబడి తాడు ఒరిసిన చోట
తొక్క లేచి నారలు కనబడుతున్నాయి:
ఏ పోగుకా పోగు,
ఒక్కటీ ఇంకోదాన్ని చుట్టుకోలేదు,
అన్నీ ఒకే దిక్కుకు.
"ఇది విరగదా?"
"విరిగితే ఇంకోటి కొంటా. పన్నెండు యువాన్లు."

మొక్కై వంగనిది మానై వంగదంటాం మనం.
వెదురు ఆ సామెత విన్నట్టు లేదు.

తర్వాత ఆమె చేసింది గొప్ప పనేమీ కాదు.
నాళికలను ముందు ద్రవంలో నానబెట్టి
వినబడని ధ్వనితో విదిలించింది.
రుబ్బే గోళాల వేగం తగ్గించింది, గంటలు పెంచింది.
కాలిన దిమ్మెను సన్న రంధ్రంలోంచి నెట్టింది,
పోగులన్నీ ఒకే వైపు మొహం తిప్పేలా.
ప్రొఫెసర్‌కి వెదురు సంగతి చెప్పలేదు.
నివేదికలో దానికి గడి లేదు.

ముప్ఫై ఒకటి.
యంత్రం రెండు దవడలతో పట్టుకుని లాగింది.
తెర మీద గీత ఎక్కింది.
ఎప్పుడూ తెగే చోట తెగలేదు.
సాగింది.
మన భాషలో ఆ మాటకు రెండు పనులు:
పొడవవడం, ముందుకు పోవడం.
చియూయేకి తెలుగు రాదు గానీ
తెరకేసి చూస్తూ ఆమె పెదవులు కదిపింది
ఆ మాటకే అయి ఉండాలి.
కడ్డీ నడుము సన్నబడింది.
ఆరు శాతం. ఎనిమిది. పది దాటింది.
అప్పుడు తెగింది, తెగక తప్పదు గనక.
కానీ చప్పుడు వేరు.

రాత్రి సూక్ష్మదర్శినిలో ఆ తెగిన మొహం:
మునుపటి గాజు పెంకు నునుపు కాదు,
వాన వెలిసిన ఇసుకలా గుంటలు గుంటలు.
బీట రెండు ఒడ్ల మధ్య
ఒకటి, రెండు, అయిదు పోగులు,
ఇంకా వదలకుండా.

ఒక కడ్డీ అంటే ఒక కడ్డీయే.
ఇంకా పది చెయ్యాలి. వాటిలో ఎన్ని మాట తప్పుతాయో.

మర్నాడు మెట్ల కింద
నూడుల్స్ గిన్నెతో కూచున్నాడు తాన్,
కావడి మోకాళ్ల మీద.
ఆమె పది యువాన్ల నోటు చాపింది.
"ఏం మోయాలి?"
"ఏం లేదు. మొన్నటి బాకీ."
అనుమానంగా నోటును వెలుతురుకు పట్టి చూశాడు.
పొగమంచులో వెలుతురెక్కడిది!
జేబులో పెట్టుకుని
మళ్లీ గిన్నెలోకి వంగాడు.